జ్ఞాని ఏమన్నా తిన్నాడా?

గడిచిన వారం మనం రమ్యశ్రీని వంటింటి గడప మీద వదిలేసి వచ్చాం. చేతిలో చల్లారిన పప్పన్నం గిన్నె, ఎదురుగా పళ్ళు బిగించుకుని కూర్చున్న కొడుకు. పేరు జ్ఞానేశ్వర్, వయసు రెండున్నరేళ్ళు, ఇంట్లో అందరికీ జ్ఞాని. ముద్ద కనపడితే తల అడ్డంగా తిప్పడం ఒక్కటే ఇంతవరకూ వాడికి అబ్బిన విద్య. కర్నూలులో పిల్లల డాక్టరు వాడి కంటి రెప్ప కిందికి లాగి చూసి, రక్తం తక్కువగా ఉందనీ, సిరప్పు రాస్తాను గానీ సిరప్పు అన్నం కాదనీ చెప్పి పంపాడు. ఆ మాట విన్న అత్తగారు రాజ్యలక్ష్మమ్మ కమలాపురంలో ఉన్న కూతురు సుచరితకు ఫోను చేసింది. "ఆదివారం వచ్చి పిల్లోన్ని తీస్కోని పో. ఉగాది దాకా నీ దగ్గరే పెట్టుకో. ఈడుంటే వాడు మనిషి కాడు" అంది. గడప మీద కూర్చున్న కోడలికి వినపడాలనే కొంచెం గట్టిగా అంది.

పిల్లల పెంపకంలో ఆ ఇంట్లో సుచరితదే చివరి మాట. ముగ్గురు పిల్లల తల్లి. పెద్దవాళ్ళిద్దరూ చిన్నప్పుడు బూరెల్లాంటి బుగ్గలతో దిగిన ఫోటో ఇక్కడ కల్లూరు ఇంట్లో దేవుడి పటాల పక్కనే వేలాడుతుంటుంది. రాజ్యలక్ష్మమ్మ రోజూ దేవుళ్ళకు దండం పెట్టుకుని, కొంగుతో ఆ ఫోటో అద్దం తుడిచి, కోడలి వైపు ఒక చూపు చూసి పోతుంది. వేరే మాట అక్కర్లేదు. ఇక రమ్యశ్రీ భర్త రాఘవేంద్రప్రసాద్ సంగతి. మంచివాడే. అమ్మ ఏమన్నా ఊ అంటాడు, భార్య ఏమన్నా ఊ అంటాడు, రెండు ఊలు ఎదురెదురు పడిన రోజున బండి తీసుకుని కర్నూలుకు సరుకు తేవడానికి పోతాడు.

శనివారం తెల్లారింది. మర్నాడే సుచరిత వస్తుంది. జ్ఞాని బట్టల సంచి అత్తగారు అప్పుడే సర్ది హాల్లో గోడకు ఆనించి పెట్టింది. ఆ సంచి పక్కగా పోవాల్సి వచ్చిన ప్రతిసారీ రమ్యశ్రీ తల తిప్పుకుని నడిచేది. బిడ్డ దూరమవుతాడన్నది ఒక బాధ. తల్లి అయి ఉండి బిడ్డకు ముద్ద పెట్టుకోలేకపోయిందని చుట్టాలంతా చెప్పుకుంటారన్నది ఇంకొకటి. ఏది ఎక్కువో ఆమెకే తెలియలేదు.

ఇల్లు వెనక, అంగడి ముందు. మధ్యలో ఒక కర్టెను. కందిపప్పు కోసం డబ్బా పట్టుకుని వచ్చిన రమ్యశ్రీ, అవతల ఎవరో ఉన్నారని కర్టెను దగ్గరే ఆగింది. సందులోంచి అంగడి అంతా కనపడుతోంది.

మామగారు నాగసుబ్బయ్య పొద్దున్నే అంగడి తెరిచి, దీపం పెట్టి, మనవడిని ఎత్తి గల్లా పక్కన కూర్చోబెట్టాడు. కరెంటు కాటా వచ్చి చాలా కాలమైనా ఆయన తన తండ్రి నాటి ఇత్తడి తక్కెడను తీసెయ్యలేదు. మనవడి చేత ఆ తక్కెడ ముట్టించాడు. బోణీకి ముందు పసివాడి నోరు తీపి చేస్తే ఆ రోజు బేరాలు బాగుంటాయని ఆయన నమ్మకం. బెల్లం ముక్క ఒకటి వాడి నోట్లో పెట్టాడు. కాసేపటికి ఎదురింటి మహాదేవమ్మ పుట్నాలకు వచ్చింది. తూకం అయ్యాక ఆయన అలవాటుగా గుప్పెడు కొసరు వేశాడు. ఆ కొసరులో సగం ఆమె జ్ఞాని చేతిలో పోసింది. ఆమె అటు పోగానే వాడు బిస్కెట్ల సీసా వైపు వేలు చూపించాడు. తాత సీసా మూత తీశాడు. ఒకటి కాదు, రెండు చేతులకూ రెండు.

రమ్యశ్రీ కర్టెను తీయకుండానే పిలిచింది.

"మామా, జ్ఞాని ఏమన్నా తిన్నాడా?"

"యాడ తిన్నాడమ్మా," అన్నాడు నాగసుబ్బయ్య, కళ్ళు కూడా ఆర్పకుండా. "పొద్దున్నుంచీ నోట్లో ఏమీ పెట్టలా."

ఆయన ఒళ్ళో కూర్చున్న వాడి గడ్డం మీదుగా బిస్కెట్టు పొడి జారుతోంది.

ఇక్కడ నాగసుబ్బయ్యను అబద్ధాలకోరు అనుకోకండి. ధనియాలు ఒక గింజ తక్కువ తూచితే నిద్రపట్టని మనిషి ఆయన. కానీ పసివాడు తిన్నాడని నోటితో చెప్పకూడదు. చెబితే దిష్టి తగులుతుంది. తాతముత్తాతల నుంచీ ఆ ఇంట్లో అదే పద్ధతి. కడుపు నిండి తేన్పులు తీస్తున్న పిల్లనైనా సరే, ఎవరన్నా అడిగితే 'యాడ తింటాదిలే' అనాల్సిందే. రమ్యశ్రీ పుట్టిల్లు ఆలూరులోనూ అంతే. మొన్న డాక్టరు అడిగినప్పుడు 'ఏమీ తినడు సార్' అని ఆమె నోరు కూడా దానంతటదే పలికింది.

ఆ సంగతి గుర్తొచ్చి ఆమె ఖాళీ డబ్బాను కర్టెను పక్కనే దించేసింది. తర్వాత దేవుడి గదికి వెళ్ళింది.

శనివారం రాజ్యలక్ష్మమ్మకు ఒక్కపొద్దు. తను సాయంత్రం దాకా ఏమీ ముట్టదు. అంగట్లోంచి అప్పుడే లోపలికి పరుగెత్తుకొచ్చిన మనవడు ఆమె ఒళ్ళో చేరి బుగ్గ ఉబ్బించుకుని ఉన్నాడు. ఆ బుగ్గలో పటికబెల్లం ఉందని చూస్తేనే తెలుస్తోంది. నైవేద్యం గిన్నెలో ఎండుద్రాక్ష కూడా అడుగంటింది.

"అత్తా, జ్ఞాని ఏమన్నా తిన్నాడా?"

"నన్నడుగుతావేంటికి? నీ బిడ్డ యాడ తింటాడు?" అంది రాజ్యలక్ష్మమ్మ, గిన్నె మీద కొంగు కప్పుతూ.

మధ్యాహ్నం కర్నూలు నుంచి వచ్చిన రాఘవేంద్రప్రసాద్ బండి దిగగానే కొడుకు ఆయన జేబులో చెయ్యి పెట్టాడు. చిప్స్ ప్యాకెట్టు కరకరలాడింది. భార్య చూస్తోందని తెలిసి ఆయన ఆకాశం వైపు చూశాడు.

"ఏమండీ, వాడు ఏమన్నా తిన్నాడా?"

"ఏమో రమ్యా. ఏమీ తిన్నట్టు లేదు."

రమ్యశ్రీకి ముందు నవ్వొచ్చింది. తర్వాత ఒళ్ళు మండింది. ఇంటిల్లిపాదీ పొద్దస్తమానం వాడి నోరు నింపి, నింపలేదని ఒట్టేసి, ఆ తప్పు తెచ్చి తన పప్పన్నం మీద వేశారు. ఒకరు పెట్టింది ఇంకొకరికి తెలియదు. ప్రతి ఒక్కరూ బిడ్డ పొద్దున్నుంచీ ఖాళీ కడుపుతో ఉన్నాడనే జాలితోనే పెడుతున్నారు. ఆ జాలే వాడి ఆకలిని మింగేస్తోంది.

భోజనాల వేళకు నాగసుబ్బయ్య అంగడి షట్టరు సగం దించాడు. ఆయన లోపలికి రాబోతుంటే రమ్యశ్రీ ఎదురొచ్చి నిలబడింది. ఆ ఇంట్లోకి వచ్చాక మామగారి దారికి ఆమె అడ్డంగా నిలబడడం అదే మొదలు.

"మామా, ఒక్క మాట. అత్తను, ఆయన్ను పిలుస్తా. మీరు కూర్చోండి."

అందరూ వచ్చారు. తోడు మజ్జిగకని గిన్నె పట్టుకొచ్చిన మహాదేవమ్మ కూడా వచ్చింది, పిలవకుండానే.

"పొద్దున్నుంచీ వీనికి ఎవరెవరు ఏమేం పెట్టినారో నాకు తెలియాల," అంది రమ్యశ్రీ.

రాజ్యలక్ష్మమ్మ రెండు చెవులూ మూసుకున్నంత పని చేసింది. "పిల్లోడు తిన్నది నోటితో చెప్పమంటాండావా? శనివారం పూట ఇంతకన్నా మంచి మాట దొరకలేదా నీకు?"

"నోరు తెరవొద్దత్తా. ఎవరూ తెరవొద్దు. దిష్టి తగిలేది మాటకు గదా." రమ్యశ్రీ ఇత్తడి తక్కెడను గల్లా మీదికి జరిపింది. "పెట్టినంత సరుకు ఇందులో పెట్టండి. అంతే."

రాఘవేంద్రప్రసాద్ బండి తాళాల కోసం జేబు తడుముకున్నాడు. అప్పుడు నాగసుబ్బయ్య నిట్టూర్చి లేచాడు. మనిషి ముందు ఆయన దిష్టికి భయపడి ఏమైనా చెప్పగలడు గానీ, తక్కెడ ముందు తప్పు చెయ్యలేడు. బెల్లం ముక్క ఒకటి తీసి పళ్ళెంలో పెట్టాడు. రెండు బిస్కెట్లు పెట్టాడు. కాస్త ఆలోచించి, పది దాటాక ఇచ్చినవి గుర్తొచ్చి మరో రెండు పెట్టాడు. చేతులు కట్టుకుని పక్కకు జరిగాడు.

మహాదేవమ్మ నవ్వు ఆపుకుంటూ పిడికెడు పుట్నాలు పోసింది. పోయి, మళ్ళీ వచ్చి, "వీనికి పెట్టిన బజ్జీ మా ఇంట్లో అయిపోయిందక్కా, దానికి బదులు ఇది," అని ఒక ఉల్లిగడ్డ పెట్టింది. రాఘవేంద్రప్రసాద్ చిప్స్ ప్యాకెట్టు పెట్టాడు. ఇంకో జేబులోంచి చాక్లెట్టు కూడా బయటికొచ్చింది. అది పెట్టేటప్పుడు మాత్రం తల ఎత్తలేదు.

రాజ్యలక్ష్మమ్మ చివరిదాకా చూసింది. అందరూ తన వైపే చూస్తున్నారని తెలిశాక విసురుగా లోపలికి పోయి, పటికబెల్లం తెచ్చి పెట్టింది. వెనక్కి తిరిగి, ఆగి, కొంగులోంచి ఎండుద్రాక్ష తీసి పెట్టింది. మళ్ళీ నాలుగడుగులు పోయి, వచ్చి, లడ్డు ముక్క కూడా పెట్టింది.

ఆఖరున రమ్యశ్రీ తన వంతు పెట్టింది. పాలసీసా. అన్నం తినలేదు కదా అని పొద్దున ఒకసారి, పదకొండింటికి ఒకసారి చక్కెర కలిపి తాగించినన్ని పాలు మళ్ళీ నింపిన సీసా. అది పెట్టేటప్పుడు ఆమె ముఖం కూడా చిన్నబోయింది. అవతలి పళ్ళెంలో జ్ఞాని పప్పన్నం గిన్నె పెట్టింది.

చిరుతిళ్ళ పళ్ళెం ఠంగున గల్లాకు తగిలింది. పప్పన్నం గిన్నె గాల్లోకి లేచింది. తక్కెడ ఊగడం చూసి జ్ఞాని ఒక్కడే చప్పట్లు కొట్టాడు.



"ఇంత పోయినాక ఇంక అన్నం యాడ పడుతుంది?" అంది రాజ్యలక్ష్మమ్మ చివరికి, ఎవరితోనో అన్నట్టు.

"అసలు కన్నా వడ్డీ ముద్దంటారు. మీరు వడ్డీకి బెల్లం పూసి మరీ ముద్దు చేసినారు," అంది మహాదేవమ్మ.

నాగసుబ్బయ్య తక్కెడ వైపే చూస్తూ తల ఊపాడు. "ఇన్నేండ్లు అంగడి చేసినా. సరుకు కొననోనికి కొసరు పెట్టిన మొగోన్ని కాదు. నా మనవని దగ్గరికొచ్చేసరికి అసలు అమ్మకుండానే కొసరంతా పోసేసినా. అమ్మా రమ్యా, ఇంక నువ్వు చెప్పు. నీ మాటే."

రమ్యశ్రీ చెప్పింది ఒక్కటే. భోజనానికీ భోజనానికీ మధ్య ఎవరూ ఏమీ పెట్టకూడదు. దాహమైతే నీళ్ళు. పాలసీసా ఆమే దాచేస్తుంది. రాజ్యలక్ష్మమ్మ సరే అనలేదు, కాదనలేదు. "ఒక పూట ముచ్చట. రేపు సుచరిత వచ్చేది వస్తాది," అని మాత్రం అంది. హాల్లో సంచి ఉన్నచోటే ఉంది.

ఆ మధ్యాహ్నం ఆ ఇంట్లో గడిచిన తీరు చెప్పుకుంటే చాలా ఉంది. జ్ఞాని బిస్కెట్ల సీసా దగ్గరికి పోయి అది లేదని ఏడ్చాడు. అవ్వ ఒడిలో చేరి కొంగు ముడి విప్పి చూసి ఏడ్చాడు. నాన్న జేబులు రెండూ బయటికి లాగి ఏడ్చాడు. ఆ ఏడుపు వినలేక రాజ్యలక్ష్మమ్మ మహాదేవమ్మ ఇంటికి వెళ్ళిపోయింది. నాగసుబ్బయ్య బిస్కెట్ల సీసాను పై అరలో చింతపండు వెనక దాచి, దాచినచోటు తనకే కనపడకూడదన్నట్టు అటు తిరిగి కూర్చున్నాడు. రాఘవేంద్రప్రసాద్ బండి తీశాడు. "ఈ రోజు సరుకేమీ అక్కర్లేదు, ఈడనే ఉండండి," అంది రమ్యశ్రీ. ఆయన ఊ అని బండి స్టాండు వేశాడు.

సాయంత్రం ఒక బేరగాడు కందిపప్పు మచ్చు తెచ్చాడు. మూట కొనే ముందు చూపించే గుప్పెడు సరుకును అక్కడ మచ్చు అంటారు. నాగసుబ్బయ్య ఏ మచ్చునైనా ఒక్క తీరుగానే చూస్తాడు. అరచేతిలో పోసుకుని ఊదుతాడు. రెండు గింజలు నోట్లో వేసుకుంటాడు. ఒక కన్ను మూసి నెమ్మదిగా నములుతాడు. ఆ తర్వాతే మాట. అంతదాకా ఎదుటివాడు ఊపిరి బిగబట్టుకుని ఉండాల్సిందే.

ఆ పక్కనే ఏడ్చి అలసిపోయిన జ్ఞాని కూర్చుని ఉన్నాడు. వాడూ ఖాళీ అరచేతిలోకి ఊదాడు. ఏమీ లేని నోరు నెమ్మదిగా ఆడించాడు. ఒక కన్ను మూయడం రాక రెండూ మూశాడు.

కర్టెను సందులోంచి అది చూసిన రమ్యశ్రీ గబగబా వంటింట్లోకి పోయింది.

దీపాలు పెట్టే వేళకు ఆమె గల్లా ముందుకు, కొనేవాళ్ళు నిలబడే వైపు నుంచి వచ్చింది. చేతిలో పళ్ళెం. పళ్ళెంలో చిన్న చిన్న స్టీలు మూతలు. ఒకదాంట్లో నెయ్యి పూసిన గోలీలంత రాగిసంగటి ముద్దలు. ఒకదాంట్లో పాలకూర పప్పు. ఇంకో దాంట్లో పాలలో నానబెట్టిన జొన్నరొట్టె తునకలు. మరోదాంట్లో మెత్తగా ఉడికించిన క్యారెట్టు. పక్కన మూత పెట్టిన గిన్నె ఒకటి.

"ఏం శెట్టీ," అంది రమ్యశ్రీ కొడుకుతో. "ఆలూరు నుంచి వచ్చినా. సరుకుండాది. మచ్చు చూస్తావా?"

జ్ఞాని తాత వైపు చూశాడు. నాగసుబ్బయ్యకు క్షణంలో అర్థమైంది. ఏలకులు తూచే చిన్న తక్కెడ తీసి మనవడి చేతికిచ్చి, "పెద్ద శెట్టి నువ్వే. చూడు," అని తను ఒక మెట్టు కిందికి దిగి కూర్చున్నాడు.

జ్ఞాని సంగటి ముద్ద ఒకటి తీసి తక్కెడలో పెట్టాడు. ఊదాడు. నోట్లో వేసుకున్నాడు. రెండు కళ్ళూ మూసి నమిలాడు. రమ్యశ్రీకి గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే ఆ చప్పుడుకు వాడు ఉమ్మేస్తాడేమోనని భయమేసింది.

"బాగుండాది," అన్నాడు జ్ఞాని.

రొట్టె తునక కూడా బాగుంది. క్యారెట్టు గురించి ఆలోచించాల్సి వచ్చింది. రెండోది తిన్నాక అది కూడా బాగుంది. పాలకూర పప్పు నాలుక మీద పడగానే ముఖం ముడిచి గల్లా మీదికి ఉమ్మేశాడు.

"బాగలే."

మొన్నటి రమ్యశ్రీ అయితే ఇక్కడ బుజ్జగించేది, బెదిరించేది, కాకిని పిలిచేది, చివరికి ముక్కు మూసి పోసేది. ఈ రోజు ఆ మూత తీసి పక్కకు పెట్టింది.

"సరే శెట్టీ. నచ్చకుంటే వాపసు. బలవంతమేముండాది."

"యాడికి వాపసు? నన్ను చూడనీమ్మా," అంటూ నాగసుబ్బయ్య ఆ పప్పు వేలితో తీసి నాకాడు. ఒక కన్ను మూశాడు. చాలాసేపు తెరవలేదు. "శానా బాగుండాదే. పెద్ద శెట్టి వద్దంటే నేనే కొనుక్కుంటా."

ఎవడో తన సరుకు ఎగరేసుకుపోతుంటే ఏ వ్యాపారి ఊరుకుంటాడు? జ్ఞాని ఆ మూత తన వైపు లాక్కున్నాడు. సంగటి ముద్ద అందులో ముంచాడు. ముఖం ఈసారి కూడా ముడుచుకుంది గానీ నోరు మాత్రం ఆగలేదు. ఇంకొకటి ముంచాడు. అది మింగి తల్లి వైపు చెయ్యి చాపాడు.

"కొసరు?"

రమ్యశ్రీ మూసిన గిన్నె తెరిచింది. వేయించిన శెనిక్కాయలు మెత్తగా దంచి, బెల్లం కలిపి చేసిన చిన్న ఉండ. అసలు అయ్యాకే కొసరు. నాగసుబ్బయ్య దాన్ని తీసి, పెద్ద బేరగాడికి ఇచ్చినంత మర్యాదగా మనవడి అరచేతిలో పెట్టాడు.

అప్పుడే గుమ్మంలోకి వచ్చిన రాజ్యలక్ష్మమ్మ ఖాళీ మూతలు చూసింది. మనవడి మూతికంటిన పాలకూర చూసింది. ఏదో అనబోయి, గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఉప్పూ ఎండుమిరపకాయలూ తేవడానికి లోపలికి పరుగెత్తింది. ఆ వయసులో ఆమె అంత వేగంగా నడవడం ఇంట్లో ఎవరూ చూడలేదు. మిరపకాయలు పొయ్యిలో చిటపటలాడుతుంటే రమ్యశ్రీ గల్లాకు ఆనుకుని ఏడ్చింది. అలాంటి ఏడుపు రోజూ వచ్చినా ఆమె కాదనదు.

అయినా సంచి లోపలికి పోలేదు. ఆదివారం పొద్దున బొరుగుల ఉగ్గాని చేస్తే, ఉల్లిపాయలు ఏరేసి అయినా సరే, శెట్టిగారు మచ్చు చూసి మచ్చు చూసి గిన్నె ఖాళీ చేశారు. అప్పటికీ సంచి గోడకు ఆనుకునే ఉంది. అత్తగారిని అడిగే ధైర్యం రమ్యశ్రీకి లేదు. అడగకుండా ఉండే ఓపికా లేదు.

పదిన్నరకు షేర్ ఆటో వచ్చి అంగడి ముందు ఆగింది. సుచరిత దిగింది. కడప బస్సు దుమ్ము ముఖం మీద ఇంకా ఉంది. ఆటోవాడిని ఆగమని, మెట్టెక్కుతూనే అడిగింది.

"ఏమ్మా, వాడు ఏమన్నా తింటాండాడా?"

ఆ ప్రశ్నకు ఆ ఇంట్లో జవాబు ఒక్కటే. నాగసుబ్బయ్య నోరు అలవాటుగా తెరుచుకుంది. "యాడ..." అని, మిగతాది మింగేశాడు. రాఘవేంద్రప్రసాద్ బండి వైపు చూసి, చూపు బలవంతంగా వెనక్కి తెచ్చుకున్నాడు. రమ్యశ్రీ కర్టెను సందులోంచి సంచి వైపు చూసింది. తను చెబితే చెల్లదు. కోడలు తన గొప్ప తను చెప్పుకుందంటారు. తినలేదని చెబితే బిడ్డ ఆ ఆటోలో పోతాడు. తిన్నాడని చెప్పాల్సిన మనిషి ఒక్కరే ఉన్నారు. ఆ మనిషి జన్మలో ఆ మాట అని ఎరగదు.

రాజ్యలక్ష్మమ్మ మనవడిని దగ్గరికి లాక్కుని కొంగుతో వాడి మూతి తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

"తిన్నాడు," అంది.

కొంగు వదిలి కూతురి వైపు తిరిగింది. ఈసారి గట్టిగా అంది.

"రాత్రి తిన్నాడు. పొద్దున తిన్నాడు. గిన్నె ఊడ్చినాడు. వాళ్ళమ్మ పెట్టింది, వాళ్ళమ్మ చేతి మీదే తిన్నాడు. వాడు యాడికీ రాడు. దిష్టి తగిలేదుంటే నాకు తగలనీలే."

రమ్యశ్రీ హాల్లోకి పోయి వంగి సంచి తీసుకుంది. లోపలికి పోయి బీరువా తలుపు తెరిచి, ఒక్కొక్క చొక్కా ఎక్కడిదక్కడ పెట్టింది. పెట్టేటప్పుడు ప్రతి చొక్కాను ఒకసారి ముఖానికి ఆనించుకుంది.

ఆమె తిరిగి వచ్చేసరికి సుచరిత మెట్టు మీద కూలబడి ఉంది.

"అయితే నా గతేం గావాలమ్మా?"

"నీకేమొచ్చిందే?" అంది రాజ్యలక్ష్మమ్మ కంగారుగా.

సుచరిత ఆటో వైపు తిరిగి, "దిగు వాసవీ," అంది. ఆటోలోంచి ముందు ఒక బట్టల సంచి దిగింది. దాని వెనక నాలుగేళ్ళ పిల్ల దిగింది, సుచరిత ఆఖరి కూతురు. పుల్లల్లాంటి చేతులు. ఆ చేతుల్లో చిప్స్ ప్యాకెట్టు. ఫోటోలో ఉన్న బుగ్గలు ఈ పిల్ల దాకా రాలేదు.

"ఇది పుట్టినప్పటి నుంచీ చెప్తానే ఉండా గదా," అంది సుచరిత. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఫోను చేసినప్పుడల్లా అడుగుతావు, పాప తింటాందా అని. 'యాడ తింటాదిమ్మా' అంటా. 'అవునే, అట్లనే చెప్పాల' అని నువ్వు నవ్వి పెట్టేస్తావు. నేను చెప్పేది నిజమేనమ్మా. ఇది ఏమీ తినదు. పెద్దోళ్ళిద్దరూ ఎట్ల తిన్నారో నాకే తెలీదు. వీన్ని తీస్కపోతే వీని పక్కన కూర్చోని ఇది కూడా తింటాదేమోనని వచ్చినా. వాన్ని ఇయ్యకుంటే దీన్నే ఈడ ఇడ్సిపోదామని బట్టలు తెచ్చినా."

రాజ్యలక్ష్మమ్మ కర్టెను అవతల దేవుడి పటాల పక్కనున్న ఫోటో వైపు చూసింది. తర్వాత కోడలి వైపు చూసింది. ఈసారి ఆ చూపు వేరేగా ఉంది.

ఈలోపల జ్ఞాని గల్లా మీది నుంచి చిన్న తక్కెడ తెచ్చుకున్నాడు. అందులో పొద్దున కొసరుగా దక్కిన శెనిక్కాయల ఉండ సగం ముక్క. నడుచుకుంటూ పోయి వాసవి ముందు నిలబడ్డాడు.

"మచ్చు చూడు."

వాసవి దాన్ని చూసింది, వాడిని చూసింది. పెదాలు బిగించి తల అడ్డంగా తిప్పింది.

"సరే. వాపసు," అన్నాడు జ్ఞాని. ఏ బాధా లేదు వాడికి. ముక్కలోంచి కొంచెం విరిచి తన నోట్లో వేసుకుని, రెండు కళ్ళూ మూసి నమలడం మొదలుపెట్టాడు.

వాడు కళ్ళు మూసుకుని ఉండగా చిప్స్ ప్యాకెట్టు మెల్లగా కిందికి జారింది. వాసవి చెయ్యి తక్కెడ వైపు కొంచెం కొంచెంగా కదిలింది. మిగిలిన ముక్క మీద రెండు వేళ్ళు వాలాయి. ముక్క పైకి లేచింది.

సుచరిత ఒళ్ళు మరిచిపోయింది. "అమ్మా, అట్ల చూడు, ఇది తిం..."

రాజ్యలక్ష్మమ్మ చెయ్యి వచ్చి కూతురి నోరు గట్టిగా మూసేసింది. వాసవి చెయ్యి నోటి దగ్గర ఆగిపోయి ఉంది. ఆటోవాడితో సహా ఆ గుమ్మం దగ్గర ఎవరూ ఊపిరి పీల్చడం లేదు.